అమ్మ వైపు లెక్క

మా అమ్మ ఆంగ్లో ఇండియన్. నేను కాదు. ఈ మాట తేల్చింది మన రాజ్యాంగం. 366వ అధికరణంలో రెండో ఖండం చూడండి. ఒక మనిషి తండ్రి గానీ, తండ్రి వరుసలో పైనున్న మగవాళ్లలో ఎవరైనా గానీ ఐరోపా సంతతి వారై ఉండాలి. ఆ మనిషి ఈ దేశంలో స్థిరపడి, ఇక్కడే స్థిరంగా ఉంటున్న తల్లిదండ్రులకు పుట్టి ఉండాలి. అలాంటివారే ఆంగ్లో ఇండియన్లు. మా నాన్న తెలుగువాడు, గుంతకల్లులో గూడ్సు గార్డు. అమ్మ అదే రైల్వే కాలనీలో ఇంజన్ డ్రైవరు కూతురు. పెళ్లయ్యాక అమ్మకు నాన్న ఇంటిపేరు వచ్చింది, పుట్టగానే నాకూ అదే వచ్చింది. అమ్మ తమ్ముడి పిల్లలు మాత్రం లెక్కలో ఉన్నారు. మేమంతా ఒకే తాతకు మనవలం, మనవరాళ్లం. ఒకే వాకిట్లో ఆడుకున్నవాళ్లం.

రంగు చూసి పోల్చుకుందామంటే అదీ కుదరదు. నాకు అమ్మ ఛాయ, అమ్మ పిల్లికళ్లు వచ్చాయి. బస్సులో పక్క సీటావిడ నా మాట విని, "తెలుగు ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని అడుగుతుంది. మామయ్య చిన్నకొడుకు మా అందరిలోకీ నలుపు. వాడు తన పేరు చెబితే, అది ఏ పాస్టరు పెట్టిన పేరని అడుగుతారు. చట్టం ప్రకారం ఆంగ్లో ఇండియన్ వాడు, చూసేవాళ్లకేమో నేను. చర్మం రంగు ఒక్క జన్యువుతో తేలేది కాదు, చాలా జన్యువులు కలిస్తే వచ్చేది. అందుకే ఒక కడుపున పుట్టినవాళ్లే వేరు వేరు రంగుల్లో ఉంటారు. వాటిలో ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులో చర్మాన్ని తెల్లబరిచే మార్పు ఒకటుంది. అది ఐరోపా వాళ్లలోనూ ఉంది, మన దేశంలో కోట్లమందిలోనూ ఉంది. ఇంగ్లీషువాళ్ల ఓడ మన రేవులో ఆగడానికి వేల ఏళ్ల ముందే అది ఇక్కడికి చేరింది. తెల్లగా ఉన్న తెలుగు పిల్లను చూసి "ఏ దొర పోలికో" అనే మాట మన ఊళ్లలో ఇంకా వినబడుతోంది. ఆ మాట ఒక తల్లిని అవమానించడమే.

రంగు వల్ల బతుకంతా భయంతో గడిపినవాళ్లూ ఉన్నారు. 1911లో బొంబాయిలో పుట్టిన మెర్ల్ ఒబెరాన్ హాలీవుడ్‌లో పెద్ద తార అయింది, 'ద డార్క్ ఏంజెల్' సినిమాకు ఆస్కార్ నామినేషన్ అందుకుంది. తాను పుట్టింది టాస్మేనియాలో అని దాదాపు జీవితాంతం చెప్పుకుంటూనే వచ్చింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. నిజం చెబితే ఆ రోజుల్లో ఆమెకు వేషాలు దొరికేవి కావు.

ఇక వంశం సంగతి. ఎనిమిది తరాలు వెనక్కి వెళితే ఆ తరంలో ఒక్కొక్కరికి 256 మంది పూర్వీకులు తేలతారు. అందులో తండ్రి వరుస కొసన ఉన్న ఒక్క మగవాడు ఇంగ్లీషువాడో, డచ్చివాడో, పోర్చుగీసువాడో అయితే చాలు. మిగతా 255 మంది ఈ దేశం వాళ్లే అయినా ఆ మనిషి ఆంగ్లో ఇండియనే. అమ్మ వైపున్న 128 మంది ఎవరన్నది చట్టానికి అక్కర్లేదు.

ఎప్పుడూ ఇలాగే లెక్కగట్టారా అంటే, లేదు. 1687లో లండన్ నుంచి ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు మద్రాసు సెయింట్ జార్జి కోటకు ఉత్తరం రాశారు. సైనికులు ఇక్కడి స్త్రీలను పెళ్లాడేలా ప్రోత్సహించమని, పుట్టిన బిడ్డకు బాప్తిస్మమిచ్చిన రోజున తల్లికి కొంత సొమ్ము ఇమ్మని అందులో ఉంది. నూరేళ్లు దాటాక ఆ పిల్లల సంతతి పెరిగేసరికి వాళ్లంటేనే కంపెనీకి గుబులు పుట్టింది. 1791లో, భారతీయ స్త్రీకి పుట్టిన కొడుకులెవరికీ సివిల్, సైనిక, నౌకా కొలువులు ఇవ్వకూడదని ఉత్తర్వు వేశారు. వాళ్లను యురేషియన్లు అనేవారు. 1911 జనాభా లెక్కల నాటికి ఆంగ్లో ఇండియన్ అన్న పేరు సర్కారు కాగితాలకెక్కింది. ముందు 1935 చట్టం, తర్వాత రాజ్యాంగం వాళ్లెవరో నిర్వచించాయి. కొలువు నిరాకరించిన రోజున తల్లి ఎవరని అడిగారు. గుర్తింపు ఇచ్చే రోజున తండ్రి ఎవరని అడిగారు. నా బాధంతా ఈ రెండు ప్రశ్నల మధ్యే ఉంది.

హైదరాబాదు కోఠీలో తర్వాత మహిళా కళాశాలగా మారిన రెసిడెన్సీ భవనాన్ని కట్టించిన కంపెనీ రెసిడెంటు జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్ కథ చాలామందికి తెలుసు. నిజాం కొలువులో పలుకుబడి ఉన్న కుటుంబంలోని ఖైరున్నీసా బేగంను ఆయన పెళ్లాడాడు. కొడుకు సాహిబ్ ఆలం, కూతురు సాహిబ్ బేగం. 1805లో అయిదేళ్లయినా నిండని ఆ పిల్లలిద్దరినీ ఇంగ్లండు ఓడ ఎక్కించారు. అదే ఏడు తండ్రి కలకత్తాలో చనిపోయాడు. లండన్‌లో బాప్తిస్మమిచ్చి వాళ్లకు విలియం, కేథరిన్ అని పేర్లు పెట్టారు. ఆ కేథరినే కిట్టీ కిర్క్‌పాట్రిక్, రచయిత థామస్ కార్లైల్ మనసు దోచుకున్న అమ్మాయి. తల్లిని ఆమె మళ్లీ చూడలేదు. పెద్దయ్యాక హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరాలు నడిపింది. ఎన్నో ఏళ్ల తర్వాత అమ్మమ్మనే వెతుక్కున్న ఆ మనవరాలంటే నాకు చాలా ఇష్టం.

ఖైరున్నీసా పేరు మిగిలిందంటే ఆమెది గొప్పింటి పుట్టుక కాబట్టి. మామూలు ఇళ్ల ఆడవాళ్లకు ఆ భాగ్యం లేదు. పాత చర్చి రిజిస్టర్లలో తండ్రి పేరు, హోదా, రెజిమెంటు విడమరచి ఉంటాయి. తల్లి దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల బాప్తిస్మంలో పెట్టిన మేరీ, ఆన్ లాంటి పేరొక్కటే ఉంటుంది. అదీ లేకపోతే 'స్థానిక స్త్రీ' అని రాసి వదిలేశారు. ఆమె ఏ ఊరిది, అన్నం తినిపిస్తూ బిడ్డకు ఏ భాషలో కథ చెప్పింది, ఇవేవీ దొరకవు. ఆంగ్లో ఇండియన్ వంశాలు ఇలాంటి తల్లుల కడుపున మొదలయ్యాయి. ఇంటిపేరు మాత్రం మగవాడిది నిలిచింది.

ఆ ఇంటిపేరైనా నమ్మదగ్గ ఆనవాలా? డిసౌజా, ఫెర్నాండెజ్ అని వినగానే పోర్చుగీసు రక్తం అనుకుంటారు. గోవాలో, మంగళూరులో ఎక్కువమందికి ఆ పేర్లు బాప్తిస్మంతో వచ్చినవే. మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో విల్సన్లు, స్టీఫెన్లు ఎందరో ఉన్నారు, అందరూ అచ్చ తెలుగువాళ్లు. తెలుగు ఇంటిపేర్లూ అంతే. ఊరి పేరు మీద వచ్చిన ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనబడుతుంది. నా ఇంటిపేరు చూసి నా కులం చెప్పబోయినవాళ్లున్నారు. అందులో మా అమ్మ ఉందని ఒక్కరూ ఊహించలేదు.

కానీ మా ఇంట్లో అమ్మ ప్రతిచోటా ఉంది. మేం అమ్మతో ఇంగ్లీషు, నాన్నతోనూ అవ్వతోనూ తెలుగు మాట్లాడేవాళ్లం. ఆదివారం కొబ్బరిపాలతో వండిన పసుపు అన్నం, కైమా ఉండల కూర. క్రిస్మస్‌కు కల్‌కల్‌లు, గులాబీ పువ్వులు. ఆ గులాబీ పువ్వుల అచ్చు అవ్వదే, పండగలకు తానూ దాంతోనే చేసేది. ఉగాదికి వేపపూత దంచేది అమ్మ. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో హౌసీ ఆడిన రాత్రులు, హాకీ మ్యాచీలు, గుడి దగ్గర హరికథలు, వీటిలో ఏది నాది కాదని చెప్పను? కాలనీలో నన్ను ఎవరూ పరాయిదానిలా చూడలేదు. అమ్మ స్నేహితురాళ్లకు నేను వాళ్ల పిల్లనే, నాన్న చెల్లెళ్లకు మేనకోడలినే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఆంగ్లో ఇండియన్లు 296 మందేనని 2019 డిసెంబరులో మంత్రి పార్లమెంటులో చెప్పారు. ఆ సమాజం గట్టిగా అభ్యంతరం చెప్పింది. 1951లోనే లక్షకు పైగా లెక్కతేలినవాళ్లు ఎంతమంది ఆస్ట్రేలియాకో ఇంగ్లండుకో వెళ్లినా 296కు ఎలా పడిపోతారు? జనాభా లెక్కల పత్రంలో వాళ్లకంటూ గడి లేదు. 2020 జనవరి నుంచి లోక్‌సభలో వాళ్లకున్న రెండు నామినేటెడ్ సీట్లు, అసెంబ్లీల్లోని సీట్లు పోయాయి. నిర్వచనం మాత్రం రాజ్యాంగంలో అలాగే ఉంది.

ఆ ఖండంలో తల్లిని కూడా చేర్చాలన్నది నా కోరిక. సీట్లు ఎలాగూ లేవు కాబట్టి, మార్చితే ఎవరి వాటా తగ్గుతుందన్న వాదనకు చోటు లేదు. ఇలాంటి మార్పు మనకు కొత్తా కాదు. విదేశంలో పుట్టిన బిడ్డకు ఒకప్పుడు తండ్రి భారతీయుడైతేనే వంశక్రమంలో పౌరసత్వం వచ్చేది. 1992 డిసెంబరు 10 నుంచి తల్లి భారతీయురాలైనా వస్తోంది. 2012లో రమేశ్‌భాయ్ నాయకా కేసులో సుప్రీంకోర్టు, కులాంతర, గిరిజన గిరిజనేతర వివాహాల్లో బిడ్డది తండ్రి కులమేనని ముందే ఖాయం చేయకూడదంది. దళిత లేదా గిరిజన తల్లి చేతుల్లో, ఆమెవాళ్ల మధ్య, అదే కష్టసుఖాల్లో పెరిగానని బిడ్డ సాక్ష్యాలతో చూపించవచ్చంది. రైల్వే కాలనీలో పెరిగిన మాలాంటివాళ్లూ ఎందరో ఉన్నారు. అడిగితే చూపించడానికి మా అందరి దగ్గరా సాక్ష్యాలున్నాయి.