చెరువు గట్టే బొమ్మల బడి
చూసింది రాసుకో, రాసింది గీసుకో

బోధన్: వానలు పడితే చాలు, నిజాంసాగర్ కాలువ గట్ల వెంట ఈతచెట్లకు, తుమ్మచెట్లకు గిజిగాడి గూళ్ళు వేలాడుతుంటాయి. వరి ఆకును, చెరుకు ఆకును సన్నని పోగులుగా చీల్చి తెచ్చి మగపిట్ట గూడు అల్లుతుంది. సగం అల్లేసరికి ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితే కాపురం, నచ్చకపోతే ఆ గూడు అంతటితో ఆగిపోతుంది. ఈ సంగతి పశువుల కాపరికి బాగా తెలుసు. కాని ఏ రోజున అల్లిక మొదలైంది, ఎన్నాళ్ళు పట్టింది, ఏ చెట్టు ఆకు తెచ్చింది అన్నది కాగితం మీద పెట్టేవారు మాత్రం అరుదు.

కంటబడిన దానిని ఏ రోజుకారోజు రాసుకొని, పక్కనే బొమ్మ వేసుకొనే ఈ అలవాటును ప్రకృతి దినచర్య అనవచ్చు. బొమ్మ నేర్వాలంటే పట్నం పోవాలని, ఖరీదైన రంగులు కావాలని చాలామంది అనుకుంటారు. ముందు కావలసింది చూపు. ఆ చూపును పదునుపెట్టేది నోటుబుక్కు.

తెలుగునాట పాత పనే

ఇది కొత్తగా పుట్టిన పని కాదు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1781 నుంచి గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో వుండి అక్కడి మొక్కలను పరిశీలించాడు. స్థానిక చిత్రకారులను పిలిపించి ఆకు, పువ్వు, కాయ, గింజ విడివిడిగా గీయించాడు. వాటిలో మూడువందల బొమ్మలు 1795 నుంచి 1820 వరకు లండనులో పెద్ద సంపుటాలుగా అచ్చయ్యాయి. మన పొలం గట్ల మీద ఎర్రగా పూసే మోదుగ కూడ వాటిలో వున్నది. అంతేకాదు, రాజమండ్రి ప్రాంతపు రైతులు చెరుకు ఎట్లా నాటుతారో, బెల్లం ఎట్లా వండుతారో ఆయన వివరంగా రాసిపెట్టాడు. చెరుకు నమ్ముకొని బతికిన బోధన్ ప్రాంతానికి ఇది దగ్గరి మాటే.

అదే కాలంలో విశాఖపట్నంలో పాట్రిక్ రసెల్ అనే మరో వైద్యుడు పాములను, చేపలను గీయించాడు. పాముల పుస్తకం 1796లో, రెండువందల చేపల పుస్తకం 1803లో వెలువడినాయి. మన రక్తపింజరను ఇంగ్లీషువారు ఆయన పేరుతోనే రసెల్స్ వైపర్ అంటారు. అక్కడి జనం దానిని కాటుకరేకుల పొడ అంటారని రసెల్ తన పుస్తకంలో రాసుకొన్నాడు. ఆయన రాసిన మరో పేరు బంగారు పాము. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన 'బంగారస్' అనే పేరు ఆ తెలుగు మాట నుంచి వచ్చిందే. ఊరి జనం నోటి మాట నోటుబుక్కులోకి ఎక్కినందువల్లనే అది లోకమంతటికీ పేరైంది.

అయితే ఒక లోటు మిగిలింది. ఆ మొక్కలను, ఆ చేపలను చేత్తో గీసిన మనవాళ్ళ పేర్లు ఆ పుస్తకాల మీద లేవు. గీయించినవారి పేరు నిలిచింది. గీసినవారి పేరు పోయింది.

నీటి అడుగున చిత్రకారుడు

గట్టు మీద వుండి చూసినవారి సంగతి ఇది. నీటిలో మునిగి చూసి గీసినవాడు కూడ వున్నాడు. 1866లో మద్రాసులో పుట్టిన జార్ ప్రిచర్డ్ అనే చిత్రకారుడు పసిఫిక్ సముద్రంలోని తాహితి దీవిలో నీటి లోపల పనిచేసేవారి టోపీ తగిలించుకొని సముద్రంలోకి దిగాడు. నూనె పట్టించిన తోలు మీద నూనె రంగులతో అక్కడే బొమ్మలు వేశాడు. అప్పటికి వీపున సిలిండరు కట్టుకొని ఈదే స్కూబా పరికరం లేదు. అది 1943లో ఫ్రాన్సులో తయారైంది. ఆ సిలిండరులో వుండేది సాధారణంగా ఒత్తి నింపిన మామూలు గాలే.

నీటి లోపల రంగుల లెక్క వేరు. లోతుకు పోయేకొద్దీ ముందుగా ఎరుపు తగ్గిపోతుంది. పది మీటర్లు దిగేసరికి ఎర్రని వస్తువు కూడ మసకబారి బూడిదరంగులో కనిపిస్తుంది. చివరికి నీలమే మిగులుతుంది. ఈ తేడా ఒకసారి కళ్ళారా చూసిన చిత్రకారుడు గట్టు మీదికి వచ్చాక కూడ రంగును మరోలా చూస్తాడు. స్కూబాలో దిగేవారు ప్లాస్టిక్ పలక మీద పెన్సిలుతో నీటిలోనే రాసుకొంటారు. విశాఖ దగ్గర రుషికొండలో శిక్షకుల వెంట దిగే వీలున్నది.

అట్లని మంజీరలోనో, కాలువలోనో, పాడుబడ్డ బావిలోనో దిగి చూడబోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. శిక్షణ లేకుండా ఈ పని కూడదు. వాననీటి బురదలో కనిపించేది కూడ ఏమీ లేదు. నీటి లోపలి సంగతి కావాలంటే వల లాగే గంగపుత్రులను అడిగితే చాలు. కొర్రమట్ట, జెల్ల, వాలుగ, పరక – ఏది ఎప్పుడు ఎదురెక్కుతుందో, దేని పొలుసు ఎట్లా మెరుస్తుందో వారు చెబుతారు. వల నుంచి తీసిన చేపను అప్పటికప్పుడు గీసుకోవచ్చు. రసెల్ పుస్తకంలోని చేపలు కూడ కోస్తా జాలరుల పేర్లతోనే ఎక్కినాయి.

ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ

గీతలు లేని నోటుబుక్కు, పెన్సిలు వుంటే సరి. తేదీ, స్థలం, ఎండా వానా అన్నది ముందు రాయాలి. తర్వాత ఇంట్లో అవ్వ, తాత పిలిచే పేరు రాయాలి. పేరు తెలియకపోతే జాగా వదిలి, తెలిసిన రోజున నింపాలి. ఎన్ని కనిపించాయో లెక్కపెట్టాలి. బొమ్మ అందంగా రాకపోయినా ఫరవాలేదు. వున్నది వున్నట్లు వుంటే చాలు. రంగులకు పసుపు ఇంట్లోనే వున్నది. హోళీకి నానబెట్టే మోదుగపూలు, దీపపు మసి వుండనే వున్నాయి. అలీసాగర్, జానకంపేట అశోక్‌సాగర్, గోదావరి మంజీర కలిసే కందకుర్తి – కూర్చొని చూడటానికి ఇంతకంటె మంచి చోట్లు అక్కరలేదు.

ఈ పని వెంటనే మొదలుపెట్టవలసిన కారణమూ వున్నది. 1937లో స్థాపించిన శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చుట్టుపక్కల చెరుకు తోటలు బాగా తగ్గినాయి. పంట మారితే పిట్ట మారుతుంది, కలుపు మొక్క మారుతుంది, మాట కూడ మారుతుంది. గానుగను, బెల్లం పెనాన్ని, చెరుకు తోటలోని జీవాలను కళ్ళారా చూసినవారు ఇంకా ఊళ్ళలో వున్నారు. వారు చెబుతుండగా పిల్లలు రాసుకొని గీసుకొంటే అది ఊరి చరిత్ర అవుతుంది. ఆ తరం పోయాక అడగడానికి ఎవరూ వుండరు.

బడుల్లో వారానికి ఒక గంట పిల్లలను చెరువు గట్టుకు తీసుకుపోతే చాలు. ఏడాది తిరిగేసరికి తయారైన నోటుబుక్కులను గ్రామ గ్రంథాలయంలో దాచవచ్చు. ఉపాధ్యాయులు, గ్రామ పెద్దలు ఈ విషయం ఆలోచించవలసి వున్నది. ప్రతి బొమ్మ కింద గీసిన పిల్లవాని పేరు, ఊరి పేరు రాయించడం మాత్రం మరవకూడదు. సామర్లకోట చిత్రకారులకు దక్కనిది అదే.