మూగ నేస్తము

ఆసుపత్రిలో చేరిన బిడ్డను ఒక్కొక్కప్పుడు వ్యాధికంటె భయమే ఎక్కువగా బాధించును. ఇల్లును ఆటలును దూరమగును. సూదులు, మందుల వాసన, ఎరుగని ముఖములు ఎదురగును. భయపడిన బిడ్డ సరిగా తినదు, నిద్రింపదు, తన బాధను వైద్యునికి చెప్పదు. అందుచే చికిత్సకును ఆటంకము కలుగును. ఈ భయమును తగ్గించుటకై అమెరికా మొదలగు దేశములలో కొన్ని ఆసుపత్రులు శునకముల తోడ్పాటును పొందుచున్నవి.

ఈ భావము క్రొత్తది కాదు. చిన్న పెంపుడు జంతువు రోగులకు మంచి తోడని ఫ్లారెన్సు నైటింగేలు పందొమ్మిదవ శతాబ్దముననే వ్రాసెను. తరువాత అమెరికాలో బోరిస్ లెవిన్‌సన్ అను మనస్తత్త్వవేత్త దీనిని శ్రద్ధతో పరిశీలించెను. మనోవ్యాధితో బాధపడు బాలుడొకడు తల్లిదండ్రులతో ఆయనకడకు వచ్చెను. ఆయన పెంపుడు కుక్క జింగిల్స్ ఎదురేగి వానిని నాకెను. బాలుడు బెదరలేదు, దానిని దగ్గరకు తీసికొని నిమిరెను. పిదప దానితో ఆడుకొనుటకై వచ్చుచు, క్రమముగా లెవిన్‌సన్‌తోను చనువు పెంచుకొనెను. శునకమును తోడి చికిత్సకునిగా పేర్కొనుచు ఆయన 1962లో వ్యాసము ప్రకటించెను.

కుక్క చేయు మేలేమి? అది బిడ్డను ప్రశ్నింపదు, తొందరపెట్టదు. ప్రక్కన కూర్చుండి తోక ఆడించును. దాని మెత్తని వెండ్రుకలను నిమురుచున్నంతసేపు బిడ్డ మనస్సు సూదినుండి మరలును.

అయినను ప్రతి కుక్కయు ఈ పనికి తగదు. శాంతస్వభావము గలిగి, పరీక్షలో నెగ్గి, టీకాలు పొందిన దానినే ఎన్నుకొందురు. ముందుగా స్నానము చేయించి గోళ్లు కత్తిరింతురు. దానిని తాకుటకు ముందును, తాకిన తరువాతను చేతులు శుభ్రము చేసికొనవలెను. కుక్క వెండ్రుకలు సరిపడని వారికిని, రోగనిరోధకశక్తి మిక్కిలి తగ్గినవారికిని, కుక్కయన్న భయపడువారికిని దానిని దూరముగా నుంతురు. వీథికుక్కలను దగ్గరకు తీయవచ్చునని దీని భావము కాదు.

కుక్కకును అలసట కలుగును. కావున సందర్శనము ఒక గంటకు మించరాదని అమెరికాలోని ఆసుపత్రి ఆరోగ్యనిపుణులు 2015లో సూచించిరి.

శునకము రోగమును కుదుర్పదు; అది వైద్యుని పని. భయముతో బిగిసిన పిడికిలిని విప్పించుటయే దాని పని. అలసితినని అది నోరువిప్పి చెప్పలేదు. ఆ అలసటను గుర్తెరిగి విశ్రాంతి నొసగుట మనుష్యుల విధి.