సోల నుంచి గ్రాముకు: ఉత్తరాంధ్ర వంట కొలతల మార్పిడి – ఒక పరిశీలన

కీలకపదాలు: కుంచం, సోల, వీశ, స్థూల సాంద్రత, చోడిపిండి, మెట్రిక్ పద్ధతి.

1. ఉపోద్ఘాతం:

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల సంప్రదాయ వంటల్లో పిండిని సోలతో, నూనెను గిద్దతో కొలిచేవారు. బెల్లాన్ని వీశలలో తూచేవారు. ఈ వంటల విధానాలను నమోదు చేసే పరిశోధకులకూ, చోడిపిండితో బిస్కెట్లు, కేకులు చేసే చిన్న తయారీదారులకూ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: సోల పిండి ఎన్ని గ్రాములు? దీనికి ఒకే అంకెను సమాధానంగా ఇవ్వడం ఎందుకు పొరపాటో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. కొలత – తూకం:

నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అంటే కుంచానికి 16 సోలలు, 64 గిద్దలు. ఇవన్నీ పాత్ర పట్టే చోటును తెలిపేవి. వీశ అలాంటిది కాదు. అది 120 తులాల బరువు. తులం సుమారు 11.66 గ్రాములు కనుక వీశ దాదాపు 1.4 కిలోలు.

భారతదేశంలో 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం మెట్రిక్ పద్ధతికి దారి వేసింది. అప్పుడు వీశను కిలోలలోకి మార్చడానికి ఒక్క గుణకం సరిపోయింది. కుంచానికి అలా కుదరదు. దాని పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది. పాత్ర ఒకటే అయినా, అందులో పోసిన పదార్థం మారితే బరువు మారుతుంది.

3. స్థూల సాంద్రత:

పదార్థపు బరువును, రేణువుల మధ్య ఖాళీలతో సహా అది ఆక్రమించిన ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది స్థూల సాంద్రత. 240 మిల్లీలీటర్ల కప్పులో నీరు 240 గ్రాములు, నూనె సుమారు 218, పంచదార సుమారు 200, చెంచాతో వదులుగా నింపిన మైదా సుమారు 120 గ్రాములు ఉంటాయి. అదే మైదాను కప్పుతో డబ్బాలో ముంచి తీస్తే 140 గ్రాములు కూడా దాటవచ్చు. కాబట్టి పదార్థంతోపాటు నింపే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. రాశిగా పోసిన సోల వేరు, అంచుకు సమంగా గీసిన సోల వేరు.

పిండి విషయంలో మరికొన్ని భేదాలున్నాయి. జల్లించిన పిండిలో గాలి చేరుతుంది. నిల్వ ఉన్న పిండి అణిగి ఉంటుంది. తేమ, మర ఆడించిన మెత్తదనం కూడా ఫలితాన్ని మారుస్తాయి. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి చంపావతి, భారతి వంటి చోడి రకాలు వచ్చాయి. అందువల్ల నమోదులో ‘చోడిపిండి’ అని మాత్రమే రాయక, తెలిసినప్పుడు రకాన్ని కూడా పేర్కొనడం మేలు.

4. మార్పిడి విధానం:

ముందుగా ఇంటివారు వాడే సోలను నీటితో నింపి తూచాలి. వంటగది ఉష్ణోగ్రతలో ఒక గ్రాము నీటిని ఒక మిల్లీలీటరుగా తీసుకోవచ్చు. తరువాత వండేవారు తమ అలవాటు ప్రకారం పిండి నింపగా మూడుసార్లు తూచి సగటు తీయాలి. ఉదాహరణకు నీరు 300 గ్రాములు, పిండి సగటున 180 గ్రాములు అనుకుంటే స్థూల సాంద్రత 0.6. ఆ పిండిని అదే తీరున 240 మిల్లీలీటర్ల కప్పులో నింపితే 144 గ్రాములు వస్తుంది.

కప్పు మైదాకు బదులు కప్పు చోడిపిండి వేయడం సమాన బరువు వేయడం కాదు. బరువు సమం చేసినా చోడిలో గ్లూటెన్ లేదు కనుక కేకు అదే తీరున పొంగదు. తూకం పరిమాణాన్ని స్థిరపరుస్తుంది. పిండి గుణాన్ని మార్చదు.

5. ముగింపు:

సోలను గ్రాములుగా మార్చాలంటే పాత్ర, పదార్థం, నింపే తీరు అనే మూడూ తెలియాలి. క్షేత్రపర్యటనలో గ్రాముల అంకెను మాత్రమే రాసుకుంటే, వండే చేతికి తెలిసిన కొలత ఆ నమోదులోంచి జారిపోతుంది. తరువాతి వారు ఆ వంటకాన్ని తిరిగి చేయలేరు. మూల కొలతనూ, తూచిన బరువునూ పక్కపక్కన నమోదు చేయడమే సరైన పద్ధతి.