గుర్రం ముందు కెమెరా

మా మాడుగుల కుర్రాళ్ళకి కౌబాయ్ అంటే కృష్ణగారే. 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’లో ఆ గుర్రాలనీ, రాజస్థాన్ ఎడారినీ కెమెరాకెక్కించింది వి.యస్.ఆర్. స్వామిగారు. అలాంటి బొమ్మ ఊరేగింపుకి ముందు మనమూ తీయవచ్చు. నేను పాటించే పద్ధతి చెప్తాను.

గుర్రం కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. సరిగ్గా ముక్కు ముందూ, తోక వెనకా దానికి కనపడదు. కాబట్టి వెనకనుంచి పోకూడదు. రౌతుతో మాట్లాడి, భుజం వైపునుంచి నెమ్మదిగా వెళ్ళాలి. ఫ్లాష్ వద్దు. డప్పులు మొదలవకముందే, ఉదయపు ఏటవాలు ఎండలో, గుర్రం కంటికి ఫోకస్ చేయాలి. ఏటవాలు ఎండైతే టోపీ నీడ రౌతు మొహాన్ని మింగెయ్యదు. చెవులు ముందుకు నిక్కినప్పుడు నొక్కండి. వెనక్కి వాలితే మాత్రం తప్పుకోండి. బెదిరిన గుర్రం జనం మీదకే పోతుంది.