విశాఖపట్నం ముంగిళ్ళు, పెరటి తోటలు

విశాఖపట్నం నగరంలోను, పరిసర గ్రామాలలోను ఇంటి ముందు భాగాన్ని ముంగిలి లేదా వాకిలి అని, వెనుక ఖాళీ స్థలాన్ని పెరడు అని అంటారు. వీధి అరుగు, తులసికోట, ముగ్గు, పూలమొక్కలు ముంగిలికి చెందినవి. కూరపాదులు, కరివేప, మునగ, అరటి వంటివి పెరటికి చెందినవి. ఒకవైపు సముద్రం, మరొకవైపు కొండలు, మధ్య ఓడరేవు, కర్మాగారాలు ఉన్న ఈ నగరంలో ఈ రెండు స్థలాల రూపం కాలానుగుణంగా మారుతూ వచ్చింది. స్థలం తగ్గినా, తుఫానులు వచ్చినా ముంగిలిని అలంకరించుకొనే అలవాటు మాత్రం పోలేదు.

తీరగ్రామాలు

ఉత్తరాంధ్ర తీరంలో పూర్వం చుట్టిళ్ళు విరివిగా ఉండేవి. ఇవి గుండ్రని మట్టిగోడలు, దాదాపు నేలదాకా వాలిన తాటాకు కప్పు గల ఇళ్ళు. మూలలు లేనందువలన ఈదురుగాలి ఇంటిని చుట్టుకొని పోతుంది. గోడలకు, అరుగులకు ఎర్రమట్టి అలికి, అంచులలో తెల్లని ముగ్గులు తీర్చేవారు. ఇంటి కప్పు మీదికి ఆనప, గుమ్మడి పాదులను ఎక్కించడం సాధారణం. పక్కా ఇళ్ళు పెరగడంతో చుట్టిళ్ళు చాలావరకు తగ్గిపోయాయి.

పాత నగరం

1933 డిసెంబరులో వైస్రాయి లార్డ్ విల్లింగ్‌డన్ ఓడరేవును ప్రారంభించాడు. రేవుకు ఆనుకొని ఉన్న పాత నగరపు వీధులు ఇరుకైనవి. ఇక్కడి పెంకుటిళ్ళకు పెరడు చిన్నది, వీధి అరుగు ముఖ్యమైనది. అరుగు సాయంకాలం కూర్చొనే చోటు, బాటసారులకు నీడ, పిల్లలకు ఆటస్థలం. కుండీలలో తులసి, మందారం, నందివర్ధనం పెంచుతారు. రేవులో దిగే బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి ఇళ్ళపై పడుతున్నదన్న ఫిర్యాదు ఈ ప్రాంతవాసులలో చాలాకాలంగా ఉన్నది. ఆకులపై ధూళి పేరుకుంటే వాటికి వెలుతురు తగ్గి, మొక్క ఎదుగుదల మందగిస్తుంది. అందువలన ఇక్కడ మొక్కలకు నీరు పోయడంతో పాటు ఆకులు కడగడం కూడా అవసరమవుతుంది.

వాల్తేరు

మెట్టప్రాంతమైన వాల్తేరులో విశాలమైన ఆవరణలు గల బంగళాలు, రైల్వే నివాసాలు వెలిశాయి. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంగణం కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నది. మామిడి, సపోటా, దేవగన్నేరు, కాగితపుపూలు ఇక్కడి ఆవరణలలో కనిపించే చెట్లు. అపార్టుమెంట్ల నిర్మాణం పెరిగినకొద్దీ పాత ఆవరణలు తగ్గిపోతున్నాయి.

ఉక్కునగరం

"విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" ఉద్యమం ఫలితంగా 1970లో ఉక్కు కర్మాగారాన్ని ప్రకటించగా, 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో దీనిని జాతికి అంకితం చేశారు. ఉద్యోగుల కోసం నిర్మించిన ఉక్కునగరం సెక్టార్లుగా విభజించబడి, చెట్లతో నిండి ఉన్నది. కింది అంతస్తు క్వార్టర్లలో నివసించేవారు ఇంటి చుట్టూ ఉన్న కొద్ది స్థలంలో కూరపాదులు, అరటి, బొప్పాయి వేసుకోవడం పరిపాటి.

కర్మాగారం కోసం అనేక గ్రామాల భూములను సేకరించారు. ఆ గ్రామస్థులు ఇళ్ళతో పాటు పెరళ్ళను, తోటలను కూడా వదులుకొని గాజువాక పరిసరాలలోని నిర్వాసిత కాలనీలకు తరలివెళ్ళారు. ఉక్కునగరపు పచ్చదనాన్ని గురించి చెప్పేటప్పుడు ఈ విషయాన్ని కూడా గుర్తుంచుకోవలసి ఉన్నది.

సంక్రాంతి ముంగిళ్ళు

ముంగిళ్ళను చూడడానికి అనువైన కాలం ధనుర్మాసం. ఇది డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై సంక్రాంతితో ముగుస్తుంది. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి ముగ్గు వేస్తారు. చుక్కల ముగ్గులో ముందుగా చుక్కలను వరుసలలో పెట్టి, తరువాత వాటిని కలుపుతూ లేక వాటి చుట్టూ మెలికలు తిప్పుతూ గీతలు గీస్తారు. పూర్వం వరిపిండి వాడేవారు. అది చీమలకు, పిచ్చుకలకు ఆహారమయ్యేది. ఇప్పుడు ముగ్గుపిండి, రంగులు ఎక్కువగా వాడుతున్నారు. ముగ్గుల నడుమ ఆవుపేడతో చేసిన గొబ్బెమ్మలను ఉంచి గుమ్మడి, బంతి పూలతో అలంకరిస్తారు.

వీధిలో నడుస్తూ ఒకరి ముగ్గులు మరొకరు చూడడం, నచ్చిన ముగ్గును కాగితంపై దించుకోవడం స్త్రీలకు అలవాటు. పండుగ చివర వేసే రథం ముగ్గు తాడును పొరుగింటి ముగ్గుకు కలుపుతారు. ఆ విధంగా ఒక గీత వీధినంతటినీ కలుపుతుంది. అపార్టుమెంట్లలో ఈ ముగ్గు గుమ్మం ముందున్న నడవాకు పరిమితమైనది. కొన్నిచోట్ల అతికించే ముగ్గులు వచ్చాయి. అయినా పండుగనాడు భవనం కింది ఆవరణలో అందరూ కలిసి పెద్ద ముగ్గు వేసే పద్ధతి పలుచోట్ల కనిపిస్తుంది.

పూలలో సింహాచలం సంపెంగలకు ప్రత్యేకమైన పేరు ఉన్నది. సింహాచలం కొండపై అనాస కూడా పండుతుంది.

విపత్తులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులకు నగరంలోని చెట్లు పెద్దసంఖ్యలో కూలిపోయాయి. త్వరగా పెరిగి, పెళుసు కొమ్మలు, పైపై వేళ్ళు కలిగిన చెట్లు గాలికి నిలువలేవు. అందువలన ఇంటి దగ్గర వేప, కానుగ వంటి గట్టి చెట్లను గోడకు దూరంగా నాటడం, వర్షాకాలానికి ముందు కొమ్మలు కత్తిరించడం మంచిది.

2020 మే 7న గోపాలపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. చుట్టుపక్కల చెట్ల ఆకులు రంగు మారి వాడిపోయాయి. అక్కడి కూరగాయలను, పండ్లను తినవద్దని నిపుణులు సూచించారు. పెరటి కూరకు పెరటి గాలి కూడా శుభ్రంగా ఉండాలని ఈ దుర్ఘటన తెలియజేసింది.

పెంపకంలో జాగ్రత్తలు

ఉప్పుగాలి తగిలే ఇళ్ళలో ఆకుల అంచులు మాడిపోతాయి. గాలిలోని ఉప్పు ఆకులపై చేరడం దీనికి కారణం. అటువంటి చోట సముద్రం వైపు కొబ్బరి, గన్నేరు, కాగితపుపూలు వంటి తట్టుకొనే మొక్కలను నాటి, వాటి చాటున కూరమొక్కలు వేయాలి. గన్నేరు విషపూరితం కనుక పిల్లలకు, పశువులకు అందకుండా చూడాలి. ఈ ప్రాంతపు ఎర్రనేలలలో సేంద్రియ పదార్థం తక్కువ; పశువుల ఎరువు, వంటింటి వ్యర్థాలతో చేసిన ఎరువు కలపాలి.

నేల లేనివారు మేడపై కుండీలలో తోట పెంచుతున్నారు. దీనిని మిద్దెతోట అంటారు. ఒక ఘనమీటరు తడిమట్టి బరువు సుమారు ఒకటిన్నర నుండి రెండు టన్నులు ఉంటుంది. కాబట్టి మట్టిలో కొబ్బరిపొట్టు, ఎరువు కలిపి బరువు తగ్గించాలి. పెద్ద కుండీలను దూలాలకు పైన ఉంచాలి. కుండీల కింది పళ్ళాలలో నీరు నిలిస్తే డెంగీ దోమలు పెరుగుతాయి కనుక వారానికి ఒకసారైనా ఖాళీ చేయాలి. తుఫానులు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు నెలలలో హెచ్చరిక రాగానే తేలిక కుండీలను కిందికి దించి, పందిళ్ళను గట్టిగా కట్టాలి.