సి.జి.పి.ఏ. ఎలా కట్టారు?

2010 నుంచి 2017 వరకు సి.బి.ఎస్.ఇ. పదో తరగతి ధ్రువపత్రాల్లో మార్కులకు బదులు గ్రేడ్లు, సి.జి.పి.ఏ. ఉండేవి. మీ అన్నయ్యదో అక్కయ్యదో పత్రం ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి.

లెక్క సులువే. 91 నుంచి 100 వరకు వస్తే 10 పాయింట్లు, 81 నుంచి 90 వరకు 9, 71 నుంచి 80 వరకు 8. ఇలా తగ్గుతూ 33 నుంచి 40 వరకు 4. ఐదు ప్రధాన సబ్జెక్టుల పాయింట్లు కూడి 5తో భాగించాలి. ఆరో సబ్జెక్టు ఉన్నా ఇందులో చేరదు.

రాధకు 92, 84, 91, 78, 85 మార్కులు వచ్చాయనుకోండి. పాయింట్లు 10, 9, 10, 8, 9. మొత్తం 46, సి.జి.పి.ఏ. 9.2. రవికి నాలుగింటిలో 90 చొప్పున, ఒకదానిలో 80. పాయింట్లు 44, సి.జి.పి.ఏ. 8.8. ఇప్పుడు మార్కులు కూడండి. రాధకు 430, రవికి 440! ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడే వెనుకబడ్డాడు. ఎందుకంటే 90కి, 91కి మధ్య ఒక్క మార్కు తేడా ఇక్కడ ఒక పూర్తి పాయింటు. 81కి, 90కి మధ్య తొమ్మిది మార్కుల తేడాకు విలువే లేదు.

శాతం కావాలంటే సి.జి.పి.ఏ.ను 9.5తో గుణించాలని బోర్డు సూచించింది. రాధకు 87.4, రవికి 83.6 వస్తాయి. అసలు శాతాలు 86, 88. ఉపకార వేతనానికి 85 శాతం ఉండాలంటే రవి దరఖాస్తు పక్కకు పోతుంది. పత్రంలో మార్కులు లేవు కాబట్టి అతను చూపించగలిగిందీ లేదు.

2018 నుంచి మార్కులు తిరిగి వచ్చాయి. పాత పత్రం ఉన్నవారు దరఖాస్తులో సి.జి.పి.ఏ.ను ఉన్నదున్నట్టు రాసి, శాతం అడిగినచోట 9.5తో గుణించి వేసినదని పక్కనే తెలపండి.