తొలి కొలిమికి దాగలి

ఇనుపపని నేర్వగోరు యువకుని ఉత్సాహము సాధారణముగా దాగలి దగ్గర ఆగిపోవును. సుత్తి ఏ అంగడిలోనైనను దొరకును. బొగ్గులు దొరకును. నిప్పునకు గాలి కొట్టు సాధనమును ఏదో విధముగా సమకూర్చుకొనవచ్చును. కాని పటములలో కనుపించు దాగలి, ఒక ప్రక్క కొమ్ము, మరియొక ప్రక్క తోక, వానిని కలుపు సన్నని నడుము గల ఆ గంభీరమైన ఉక్కుముద్ద, దాని వెల విన్నంతనే సంచిలో పెట్టిన చేయి వెనుకకు వచ్చును. మేలైన ఉక్కుతో చేసిన పెద్ద దాగలి తొలిమెట్టుపై నున్నవానికి అందునది కాదు. అందులకై డబ్బు కూడబెట్టుచు కూర్చున్నవాడు రెండేండ్లు గడచునప్పటికి వేరొక వ్యాపకములో పడిపోవును. నిప్పు రాజకయే ఆరిపోయిన కొలుములు ఇట్టివి ఎన్నియో.

ఈ నిరీక్షణ అనవసరమైనది. దాగలికి ప్రాణము దాని ఆకారమున లేదు. దెబ్బకు క్రింద కదలక నిలుచు బరువు, దెబ్బకు చొట్టపడని గట్టితనము, నునుపైన పై ముఖము, ఈ మూడును ఉన్నచో అది దాగలియే. మన వేదాంతులు ఈ సంగతిని చక్కగా ఎరుగుదురు. విద్యారణ్యుల పంచదశిలో కూటస్థ శబ్దమునకు, కూటము వలె నిర్వికారముగా నిలిచియుండునది యని వివరణము కలదు. ఆ కూటము కమ్మరి దాగలి. తనపై ఎన్ని ఇనుములు రూపు మారినను తాను మారనిది. ఆత్మస్వరూపమునకు దాగలిని ఉపమానముగా తెచ్చిన పెద్దలు దానికి కొమ్ము కలదా, తోక కలదా యని విచారింపలేదు.

కొమ్ము గల దాగలి ఐరోపాలో శతాబ్దముల మీద రూపొందినది. నేడు బజారున ఎక్కువగా కనుపించునది లండను తరహాది. దాని కొమ్ము వంపులు తీయుటకు, చదరపు బెజ్జము చిన్న పనిముట్లను నిలుపుటకు, గుండ్రని బెజ్జము ఇనుమునకు రంధ్రము పొడుచుటకు ఉపయోగపడును. ఇవి సౌకర్యములే గాని అవసరములు కావు. జపాను ఖడ్గకారుడు కొమ్ము లేని ఉక్కుదిమ్మపైననే లోకప్రసిద్ధములైన కత్తులను సాగగొట్టుచున్నాడు. మన పల్లె కమ్మరి నేలలో పాతిన మొద్దున ఒక చిన్న ఉక్కుదిమ్మను దిగగొట్టి, దాని యెదుట గొంతుక కూర్చుండి, నాగటి కర్రులు, కొడవళ్ళు, గొడ్డళ్ళు, గునపములు చేసి ఊరి సేద్యమంతయు నడిపినాడు. స్వీడను దేశమున గాట్లండు ద్వీపములో 1936లో ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలికి ఒక ఓకు చెక్కపెట్టె తగిలినది. అది సుమారు వేయి ఏండ్ల నాటి పనివాని పెట్టె. సుమారు మూడడుగుల ఆ పెట్టెలో కమ్మరి పనిముట్లును, వడ్రంగి పనిముట్లును కలిసియే ఉన్నవి. ఒక మనుష్యుని రెండు వృత్తులు ఒక పెట్టెలో ఇమిడిపోయినవి.

చిన్న దాగలిపై దెబ్బ వ్యర్థము కాదా యని విద్యార్థి ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనది. సమాధానము పాఠశాల భౌతికశాస్త్రములోని ద్రవ్యవేగ నిత్యత్వ నియమములోనే ఉన్నది. కాగిన ఇనుముపై పడిన సుత్తి పైకెగురక అణగిపోయిన దనుకొన్నచో, దెబ్బలోని శక్తిలో ఇనుమును సాగదీయుటకు వినియోగమగు భాగమును తేలికగా లెక్కింపవచ్చును. దాగలి బరువును, దాగలి సుత్తుల మొత్తపు బరువుతో భాగింపవలెను. 1 కిలో సుత్తి, 18 కిలోల దాగలి యైనచో 19లో 18వ వంతు, అనగా నూటికి సుమారు 95 పాళ్ళు పనికి వచ్చును. అదే సుత్తికి 50 కిలోల దాగలి అమర్చినచో నూటికి 98. ధర ఎన్నో రెట్లు పెరిగినది. లాభము నూటికి 3 పాళ్ళు. కాని ఎదుట నిలిచి 4 కిలోల సమ్మెట వేయు తోడు మనిషి ఉన్నచో లెక్క మారును. అప్పుడు 18 కిలోల దాగలిపై 82 పాళ్ళు మాత్రమే దక్కును, 50 కిలోల దానిపై 93 దక్కును. కనుక పెద్ద దాగలి సమ్మెట పనికి కావలయును. ఒంటరిగా చిన్న సుత్తితో అక్షరాభ్యాసము చేయువానికి అది అక్కరలేదు. ఈ లెక్క దాగలి విడిగా నున్నప్పటిది. బరువైన మొద్దుపై కదలకుండ బిగించినచో ఫలితము ఇంకను అనుకూలముగా నుండును.

18 కిలోలను ఊరక చెప్పలేదు. మన దేశపు రైలుమార్గములలో వాడు బరువైన పట్టా మీటరునకు 60 కిలోలు తూగును. దాని 30 సెంటీమీటర్ల ముక్క 18 కిలోలు. కొత్తగా నేర్చువారు రైలుపట్టా ముక్కను దాగలిగా వాడుట దేశదేశములందు కలదు. అయితే చాలమంది దానిని పట్టాలపై ఎట్లుండునో అట్లే అడ్డముగా పరచి, తలపై కొట్టుదురు. ఇది పొరపాటు. తలకును పాదమునకును నడుమ నున్న పలక రెండంగుళముల మందమైనను లేదు. ఒక అంగుళము కూడ లేదు. దెబ్బకు అది కొంత విల్లు వలె అదరును, కొట్టిన శక్తి ఆ అదురులో పోవును. ముక్కను నిలువుగా నిలబెట్టి, కోసిన కొన మీద కొట్టవలెను. అప్పుడు 18 కిలోలును తిన్నగా దెబ్బ క్రిందికి వచ్చును. పై ముఖము చిన్నదగును గదా యని సంకోచింప పనిలేదు. సుత్తి ముఖమే రెండంగుళములకు మించదు; దాని క్రింద అంతకు మించిన చోటు దెబ్బకు పట్టదు. తుమ్మ మొద్దుకో చింత మొద్దుకో గుంట తొలిచి, ముక్కను అందులో దింపి, చీలలు కొట్టి బిగించి, పై కొనను సానబట్టి, వాడియైన అంచులను కొంచెము గుండ్రముగా చేసినచో చాలును. నిలబడి పనిచేయువానికి, చేయి వ్రేలాడదీసి పిడికిలి బిగించినప్పుడు ఆ పిడికిలి తాకునంత యెత్తు తగినది.

ఇందొక హెచ్చరిక చెప్పక తీరదు. దారి ప్రక్క పడియున్న పట్టా ముక్క ఎవరిదియు కాదనుకొనరాదు, అది రైల్వే సొత్తు. దొంగిలింపబడిన దను అనుమానమునకు తావిచ్చు రైల్వే సొత్తు ఒకని యొద్ద కనుపించి, అది తనకు న్యాయముగా సంక్రమించినదని అతడు చూపలేకపోయినచో, 1966 నాటి చట్టము ననుసరించి 5 ఏండ్ల వరకు కారాగారశిక్ష పడవచ్చును. రైల్వేవారు పాత ఇనుమును వేలము వేయుదురు. అట్లు కొన్న వ్యాపారి వద్ద రసీదుతో కొనవలెను. రసీదు ఇయ్యనివాని వద్ద చవుక ధరకు ఆశపడి, విద్యార్థి తన భవిష్యత్తును తూకమున వేసికొనరాదు.

పట్టా దొరకనిచో దిగులు లేదు. నాలుగైదు కిలోల సమ్మెట తలను, ఒక ముఖము పైకి వచ్చునట్లు మొద్దులో సగము దించినచో చిన్న పనులకు చక్కని దాగలి యగును. లారీ ఇరుసు కొనయందలి వెడల్పైన బిళ్ళ మరియొకటి. కార్ఖానాలలో అరిగి తీసివేసిన ఉక్కు అచ్చుదిమ్మలు అన్నిటికంటె మేలైనవి. ఇట్టివి విజయవాడ ఆటోనగరులో లారీలు విప్పు దుకాణముల చుట్టును, హైదరాబాదు జుమ్మేరాత్ బజారులోను వెదుకవచ్చును. కొత్త పనిముట్లకు సికింద్రాబాదు రాణీగంజి వీథులున్నవి. పాత ఇనుము కాటా మీద తూకమునకు అమ్ముడగును, పనిముట్టు పేరుతో అడిగినచో ధర పెరుగును. 'దాగలి కావలయు' నని అడుగక 'ఉక్కుదిమ్మ కావలయు' నని అడుగుట లౌక్యము.

వెదుకబోవునప్పుడు జేబులో ఒక పాత బేరింగు గుండు ఉండవలెను. 10 అంగుళముల ఎత్తు నుండి దిమ్మపై దానిని విడిచి చూడవలెను. ముఖము గట్టి ఉక్కుదైనచో గుండు 7, 8 అంగుళముల వరకు ఎగురును. మెత్తని ఇనుమైనచో ఉసూరుమని కొద్దిగా లేచి పడిపోవును. ముఖమంతట నాలుగైదు చోట్ల పరీక్షించినచో లోపల బీటలున్న తావులు కూడ బయటపడును. రంగుపూసి, కొమ్ముతో, తోకతో కన్నుల పండువుగా నుండి చవుకగా అమ్ముడుపోవు దాగలులు కొన్ని కలవు. వానిలో ఎక్కువ భాగము పోత ఇనుమువి. గుండు వేసినచో నిజము తేలును. సుత్తితో తట్టినచో మొద్దుబారిన చప్పుడు, అంచున దెబ్బ పడినచో పెచ్చు. రూపము చూచి మోసపోవుట ఇచ్చటనే జరుగును. నిలబెట్టిన పట్టా ముక్క కురూపి యైనను వీనికంటె నూరు రెట్లు నయము.

తక్కిన సామగ్రికి ఇంత విచారణ అక్కరలేదు. 1 కిలోకు మించని సుత్తి ఒకటి. అంతకు మించినచో మణికట్టు నొచ్చును, దెబ్బ గురి తప్పును. ఒక ఆకురాయి, ఒక నీళ్ళ తొట్టి. కొలిమికి పాత లారీ బ్రేకు డ్రమ్ము గాని, నేలలో త్రవ్వి మట్టి మెత్తిన గుంట గాని చాలును. గాలికి తోలు తిత్తి ఉన్నచో అదృష్టమే, లేనిచో చేతితో త్రిప్పు పంకా. కట్టెబొగ్గు తేలికగా రాజుకొనును. రాక్షసి బొగ్గునకు గాలి ఎక్కువ కావలయును, పొగయు ఎక్కువ. పట్టకారు తొలిదినములలో కొననే వలదు. రెండడుగుల కడ్డీని తీసికొని ఒక కొన కాల్చినచో రెండవ కొన చేతితో పట్టుకొనుటకు వీలుగానే ఉండును. ఆ కడ్డీతో కొక్కెములు, మేకులు చేయుచు చేయి కుదిరిన పిదప, లారీ కమాను పట్టీ ముక్కతో ఉలి చేసికొని, ఆ ఉలితో ఇనుము నరికి పట్టకారు తానే చేసికొనవలెను. కమాను పట్టీలో కర్బనము నూటికి ఇంచుమించు 0.6 పాళ్ళు ఉండుటచేత అది పదును పట్టును, కట్టడపు మెత్తని కడ్డీ అట్లు పట్టదు. పనిముట్టే పనిముట్టును కనుట ఈ వృత్తిలోని విచిత్రము. మరి ఏ చేతిపనిలోను ఇంత స్వతంత్రత లేదు.

కొలిమిని ఎండలో పెట్టరాదు. ఎండలో ఇనుము రంగు తెలియదు, రంగు తెలియనివాడు గ్రుడ్డివానితో సమానుడు. పందిరి నీడలో చూచినచో మందారపు ఎరుపు మొదలు తంగేడుపూవు పసుపు వరకు ఒక్కొక్క వేడిమికి ఒక్కొక్క వన్నె కనుపించును. సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఇనుము అయస్కాంతమున కంటుట మానును. దారమునకు కట్టిన అయస్కాంతముతో ఉపాధ్యాయుడు దీనిని తరగతికి చూపవచ్చును.

ప్రమాదములను గూర్చి దాచుట తగదు. జింకు పూత గల గొట్టములను, రేకులను నిప్పులో పెట్టరాదు, ఆ పొగ పీల్చినవానికి చలిజ్వరము వచ్చును. రెండు కొనలు మూసిన గొట్టము కాల్చినచో ప్రేలును. నూలు బట్టలే కట్టవలెను. నైలాను కరగి చర్మమునకు అంటుకొనును. కన్నులకు అద్దములు లేక సుత్తి ఎత్తరాదు. వట్టి దాగలి ముఖముపై సుత్తితో బలముగా మోదుట కొత్తవారికి సరదా. రెండును గట్టి ఉక్కులే గనుక పెచ్చు లేచి, తుపాకి గుండు వలె ఎగిరి, కన్ను తీయగలదు.

ఇంత వెదకుటకు ముందు సొంత ఊరిలో అడుగవలసిన ఇల్లొకటి కలదు. ట్రాక్టరు వచ్చి నాగటి కర్రు పని తగ్గినది. కార్ఖానా కొడవళ్ళు సంతకు వచ్చినవి. కమ్మరి కొలిమి ఆరిన చోట్ల తాతల నాటి దాగలి వసారాలో ఒక మూల పడియుండి, ఒకనాడు పాత ఇనుము బండిలో తూకమునకు పోవును. బండి నుండి లారీకి, లారీ నుండి ఉక్కు కరగించు కొలిమికి. మూడు తరముల దెబ్బలకు నడుమ కొంచెము పల్లమైన ఆ ముఖము మరల దొరకదు. అమ్మువానిని నిందించుట న్యాయము కాదు; అతనికి కావలసినది నాలుగు రూపాయలు, దానిని అడిగినవాడు మరియొకడు లేడు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకమున కమ్మరి వృత్తి 18 వృత్తులలో ఒకటిగా చేరినది, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయము అందులో ఏర్పాటైనది. అది 18 ఏండ్లు నిండి, ఇప్పటికే వృత్తిలో నున్నవారికి. బడిపిల్లవానికి అది వర్తింపదు.

బడి మాత్రము ఒక పని చేయగలదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 వరకు తరగతులవారు 10 దినములు పుస్తకముల సంచి లేకుండ స్థానిక వృత్తినిపుణుల వద్ద పని చూచి నేర్వవలె నన్నది. చేతిపనులలో లోహపు పనిని కూడ పేర్కొన్నది. ఊరి కమ్మరి దాగలిని పాత ఇనుము ధరకంటె కొంచెము హెచ్చు ఇచ్చి బడి కొని, ఆ 10 దినములు అతనినే గురువుగా పిలిచి కూర్చుండబెట్టుట అసాధ్యము కాదు. మొదటి దినముననే పసివారి చేతికి కాగిన ఇనుము ఇయ్యనక్కరలేదు. బంకమట్టిని కడ్డీగా చేసి, తడి ఆరనీయక, ఆ దాగలి మీదనే చెక్క సుత్తితో కొట్టనిచ్చినచో చాలును. ఎర్రగా కాగిన ఇనుము దెబ్బకు ఏ వైపు సాగునో, ఏ వైపు ఉబ్బునో, మట్టియు ఇంచుమించు అట్లే సాగును, అట్లే ఉబ్బును. తప్పు కొట్టినచో ముద్ద చేసి మరల మొదలు పెట్టవచ్చును.